భారత క్లినికల్ సైకాలజిస్టుల సంఘం

భారత క్లినికల్ సైకాలజిస్టుల సంఘం మానసిక సమస్యల అంచనా, చికిత్సలలో శిక్షణ పొందిన మనస్తత్వవేత్తల జాతీయ వృత్తి సంఘం. దీనిని 1968లో స్థాపించారు. దేశంలో మనస్తత్వవేత్తల తొలి సంఘం 1924 నాటిది. అది ప్రధానంగా విశ్వవిద్యాలయ ఆచార్యులది. 1955లో బెంగళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, ఇప్పటి నిమ్హాన్స్, వైద్య మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ మొదలుపెట్టాక, ఆసుపత్రులలో పనిచేసేవారికి వేరే వేదిక అవసరమైంది.

సంఘం వార్షిక సదస్సులు నిర్వహిస్తుంది, పరిశోధన పత్రిక ప్రచురిస్తుంది, వృత్తి నియమావళిని రూపొందిస్తుంది. రోగి చెప్పిన విషయాల గోప్యత, పరీక్షా సాధనాల సరైన వినియోగం వంటివి వృత్తి నీతిలో ముఖ్యమైనవి. ఒంటరిగా పనిచేసే సభ్యులకు అనుభవజ్ఞుల సలహా అందడం పెద్ద ప్రయోజనం.

సభ్యత్వం, వృత్తి అనుమతి ఒకటి కావు. క్లినికల్ సైకాలజిస్టుల నమోదు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి బాధ్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వారిని మానసిక ఆరోగ్య నిపుణులుగా గుర్తించింది.

జోగులాంబ గద్వాల జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న బీచుపల్లి వంటి గ్రామాలకు ఈ నమోదు ముఖ్యం: హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అక్కడికి 150 కిలోమీటర్లకు పైగా దూరం, సమీపంలో సేవలందించే వ్యక్తి అర్హతను నిర్ధారించుకోవడానికి మండలి రిజిస్టరే ఆధారం. ఇలాంటి దూర ప్రాంతాలవారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరులో ఫోను ద్వారా మానసిక ఆరోగ్యంపై ఉచిత సలహా ఇస్తుంది.