ఇల్లు మంజూరైంది, మెరక ఎవరు చేస్తారు?



1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది ఎస్సీ, ఎస్టీల కోసం, వెట్టి నుంచి విడుదలైన వాళ్ల కోసం. అంటే మన పేరు మీద పుట్టిన పథకమే. మిగతా పేదల్ని తర్వాత చేర్చారు.

1996 నవంబర్ తుపానుకి కోనసీమలో తాటాకు పాకలు లేచిపోయాయి. అప్పట్నుంచి మన అమ్మమ్మలకి స్లాబంటే ప్రాణం.

2020 డిసెంబర్‌లో పల్లెల్లో సెంటున్నర పట్టాలిచ్చారు, ఇంటికి 1.80 లక్షలు. కానీ మా రాజోలు వైపంతా పల్లం. ముందు మట్టి తోలి మెరక చెయ్యాలి. పని లేచాకే బిల్లు పడుద్ది. చేతిలో డబ్బున్నోళ్లు కట్టేసి బిల్లు తీసుకున్నారు, మనం వడ్డీకి తెచ్చుకున్నాం. పథకం పనిచేసింది, డబ్బున్న పేదోడికి! 2025లో ఎస్టీలకి అదనంగా 75 వేలు ప్రకటించారు. మంచిదే. అప్పటికే మా గోడలు కిటికీల దాకా వచ్చి ఆగున్నాయి. మీ పేటలో ఎందాకా లేచాయి?