# గుర్తు ఎక్కడుంటే కామెంట్ అవుతుంది?

మనకి # అంటే హ్యాష్‌ట్యాగ్. కానీ ఫోన్‌లో టెర్మక్స్ ఓపెన్ చేస్తే, అక్కడ షెల్‌కి # అంటే "ఇక్కడి నుంచి లైన్ చివరిదాకా వదిలెయ్" అని. దీన్నే కామెంట్ అంటాం. ఈ రూల్ కుదురుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కథే ఇవాళ చెప్తాను.

1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన యూనిక్స్ షెల్‌లో కోలన్ ( : ) అనే కమాండ్ ఉండేది. అది చేసే పనేమీ లేదు, గోటూ వెతుక్కునే లేబుల్ మాత్రమే. పనేమీ చెయ్యదు కదా అని జనం దాని పక్కన నోట్స్ రాసుకునేవాళ్లు. 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చాక కూడా ఇదే అలవాటు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కోలన్ ఏమీ చెయ్యదు సరే, దాని పక్కనున్న మాటల్ని మాత్రం షెల్ మామూలు కమాండ్‌లాగే చదువుతుంది. మీ నోట్‌లో "పాతది > లెక్కలు" అని రాశారనుకోండి. షెల్ ఆ > గుర్తుని చూసి, లెక్కలు అనే ఫైల్‌ని ఖాళీ చేసేస్తుంది! నోట్ రాస్తే డేటా పోయినట్టన్నమాట.

బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ స్క్రిప్టుల్లో # కామెంట్ అయింది. తర్వాత బోర్న్ షెల్ కూడా దాన్నే తీసుకుంది. ఇది కమాండ్ కాదు. దాని వెనకున్న మాటల్ని షెల్ అర్థం చేసుకునే ప్రయత్నమే చెయ్యదు.

మరి # ఎక్కడ కనిపిస్తే అక్కడ కోసెయ్యాలా? అలా చేస్తే మధ్యలో # ఉన్న వెబ్ అడ్రస్ సగానికి తెగిపోతుంది. అందుకే పోసిక్స్ స్టాండర్డ్‌లో రూల్ ఇది: # మాట మొదట్లో ఉంటేనే కామెంట్. మాట మధ్యలో ఉన్నా, కోట్స్‌లో ఉన్నా అది మామూలు అక్షరమే.

నా ఉద్దేశంలో ఇదే సరైన పద్ధతి. కానీ ఒక్క స్పేస్‌తో అర్థం మారిపోతుంది, జాగ్రత్త. "పాట #2" అనే ఫైల్‌ని తీసెయ్యాలని కోట్స్ లేకుండా ఆర్‌ఎమ్ కమాండ్ కొడితే, షెల్‌కి "పాట" వరకే కనిపిస్తుంది. ఆ పేరుతో వేరే ఫైల్ ఉంటే పోయేది అదే!

ఇంకోటి: మ్యాక్‌లో 2019 నుంచి డిఫాల్ట్‌గా వస్తున్న జెడ్ షెల్, మనం నేరుగా టైప్ చేసేటప్పుడు # ని కామెంట్‌గా తీసుకోదు. సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. కాబట్టి నెట్‌లో దొరికిన కమాండ్‌ని పేస్ట్ చేసే ముందు # ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!