ఒక్క 'ఈ' అక్షరం తెరిచిన తలుపు

పేజీలో ఒక మాట కనబడితే దాని బదులు ఇంకోటి పెట్టడం, మాక్రో అంటే సింపుల్‌గా ఇంతే. పీహెచ్‌పీలో ఈ పనికి ప్రెగ్ రీప్లేస్ ఉంది. దానికి 'ఈ' అనే గుర్తు తగిలిస్తే, బదులు పెట్టే టెక్స్ట్‌ని ముందు కోడ్‌లా నడిపేది. రాసేవాళ్లకి భలే సుఖం!

పీహెచ్‌పీబీబీలో వెతికిన పదాన్ని హైలైట్ చేయడానికి ఇదే వాడారు. లింక్‌లో వచ్చిన పదాన్ని తీసుకెళ్లి ఆ కోడ్ మధ్యలో అతికించారు. కొటేషన్ మార్కుని రెండుసార్లు ఎన్‌కోడ్ చేసి పంపితే చెకింగ్ దాటేసేది. ఇంకేముంది, సర్వర్‌లో వాడి కోడ్! 2004 డిసెంబర్‌లో శాంటీ అనే వార్మ్ గూగుల్‌లో వెతికి మరీ ఇలాంటి సైట్లని పాడుచేసింది. సరిచేసిన 2.0.11 వెర్షన్ నెల ముందే వచ్చింది. అప్‌డేట్ చేయనివాళ్లు దొరికిపోయారు.

మందు కూడా అప్పటికే ఉంది: ప్రెగ్ రీప్లేస్ కాల్‌బ్యాక్. దొరికిన పదాన్ని మన ఫంక్షన్‌కి డేటాగా మాత్రమే ఇస్తుంది. అయినా 'ఈ'ని వద్దనడానికి 2013 దాకా, పూర్తిగా పీకేయడానికి 2015లో పీహెచ్‌పీ 7 దాకా ఆగారు. పాత సైట్లు ఆగిపోతాయి, నిజమే. కానీ పదకొండేళ్లా?