దశబంధము నుండి టెండరు వరకు: ఊరి కొనుగోళ్ల చరిత్ర

గ్రామమునకు ఒక ప్రభుత్వము కలదని సామాన్య గృహస్థునకు రెండు సందర్భములలో తెలియును. పన్ను చెల్లించునప్పుడు ఒకటి. ఆ పన్ను సొమ్ముతో ఒక దీపమో, ఒక గొట్టమో, ఒక మోరీయో వీధిలోనికి వచ్చినప్పుడు రెండవది. మొదటిదానికి రసీదు ఇత్తురు. రెండవదానిని ఎవరు, ఎవరియొద్ద, ఏ ధరకు కొనిరో చాలమందికి తెలియదు. చరిత్రకారులు సైతము రాజులు ఎంత పన్ను తీసికొనిరో విరివిగా వ్రాసిరి గాని, ఊరి పనులకై సొమ్ము ఎట్లు ఖర్చయినదో అంత శ్రద్ధగా వ్రాయలేదు.

పాకాల ప్రాంతమున ఈ కథను చెరువుతోనే ఆరంభింపవలెను. స్వర్ణముఖి ఈ సమీపపు కొండలలోనే పుట్టుచున్నను, ఇచట అది ఏడాది పొడవునా పారు నది కాదు. సేద్యమంతయు చెరువులను నమ్ముకొని యుండెను. దామలచెరువు పేరులోనే చెరువు కలదు. 1740లో ఆ కనుమయొద్ద ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ మహారాష్ట్రులతో పోరాడి మడిసెనని పుస్తకములు చెప్పును. ఇట్టి ఊళ్లలో చెరువుకట్టలు వేసిన వారి పేర్లను మాత్రము అవి చెప్పవు.

చెరువు కట్టించుట నేటి మాటలో పెద్ద కంట్రాక్టు. దానికి పూర్వులు దశబంధమను పద్ధతి నేర్పరచిరి. చెరువు త్రవ్వించిన లేక బాగుచేసిన వానికి రొక్కము ఇయ్యక, ఆ చెరువు క్రింది భూమిలో లేక దాని శిస్తులో కొంత భాగము ఇచ్చెడివారు. పేరును బట్టి అది పదియవ వంతు. ఆచరణలో స్థలమును బట్టి హెచ్చుతగ్గులుండెను. దానికి ప్రతిగా అతడును, అతని సంతతివారును కట్టను, తూములను కాపాడవలెను. రాయలసీమ జిల్లాలలో ఇట్టి ఇనాములు విశేషముగా నుండెను. ఇందలి యుక్తి గమనింపదగినది. కట్ట తెగినచో పని చేసినవాని పొలమే ముందు ఎండును. పనిని పరీక్షించుటకు వేరొక అధికారి యక్కరలేకపోయెను.

ఇది దోషరహితమైన ఏర్పాటని చెప్పరాదు. కాలక్రమమున భూమి వారసుల మధ్య ముక్కలై, అనుభవము నిలిచి, మరమ్మతు మరుగున పడిన చోట్లు పెక్కు గలవు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను పాత ఇనాములను విచారణకు తెచ్చెను. 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో ఆంధ్ర ప్రాంతమున ఇనాముల కాలమే ముగిసెను.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు ఆ చెరువు కట్టించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు: పని లెక్కను రాతిపై చెక్కించిరి. మంచి చెరువునకు కావలసిన అంగములతో పాటు ఆరు దోషములు గూడ అందు చెప్పబడినవి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట వానిలో నొకటి. మరమ్మతు ఖర్చు ఎవరిదను తగవు ఎంత పాతదో దీనివలన ఊహింపవచ్చును.

పాకాలకు దక్షిణముగా తొండైమండలమున ఉత్తరమేరూరు గ్రామసభ, పరాంతక చోళుని కాలమున, 919, 921 సంవత్సరముల శాసనములలో వేరొక జాగ్రత్త తీసికొనెను. చెరువు, తోట, బంగారము మున్నగు వానికి వేర్వేరు వారియములుండెను. వారియమనగా నేటి సంఘము వంటిది. పూర్వము ఒక వారియములో నుండి లెక్కలు ఒప్పజెప్పనివాడు మరల ఎన్నికకు అర్హుడు కాడు. అతని దగ్గరి బంధువులును కారు. ఈ బంధువుల నియమమును చదివినవారికి నేటి బినామీ గుత్తలు జ్ఞప్తికి రాకమానవు.

ఆంగ్ల పరిపాలనలో పని చేయువాడు వేరు, దాని ఫలము ననుభవించువాడు వేరు అయ్యెను. 1871 నాటి లోకల్ ఫండు చట్టము, 1882లో రిప్పన్ ప్రభువు తీర్మానము, 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టము వరుసగా వచ్చినవి. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, క్రింద యూనియను ఏర్పడెను. రోడ్లు, బావులు, వీధిదీపములు, పారిశుధ్యము వీని పనులు. గుత్తేదారు మోరీ కట్టి, కొలతకు సొమ్ము పుచ్చుకొని, వేరొక ఊరికి పోవును. తాను కట్టిన మోరీని మరల చూడవలసిన అవసరము అతనికి లేదు. సీలు వేసిన టెండరు, ధరావతు, కొలతల పుస్తకము, బిల్లుపై తనిఖీ, లోకల్ ఫండు ఆడిట్ అనునవన్నియు ఈ లోటును పూడ్చుటకే పుట్టినవి. దశబంధములో పొలము చేసిన కాపలాను ఇచట కాగితము చేయవలసి వచ్చెను.

1891-92లో విల్లుపురము నుండి ధర్మవరమునకు మీటరు గేజి రైలుమార్గము తెరువబడి, పాకాల దానిపై జంక్షను అయ్యెను. ఇనుము, గాజుచిమ్నీలు, కిరసనాయిలు, తరువాత సిమెంటు దూరపు పట్టణముల నుండి వచ్చుటకు దారి యేర్పడెను. సున్నము కాల్చు వానిని, కమ్మరిని ఊరు ఎరుగును. దూరపు వర్తకుని ఎరుగదు. కావున సరకు నాణెమును, తూకమును ముందుగా వ్రాసికొనుట తప్పనిసరి యయ్యెను.

తక్కువ ధర వేసినవానికే పని యను నియమము ఇట్లు స్థిరపడినది. పక్షపాతమును అది కొంత అరికట్టెను. కాని దానికొక లోపము కలదు. సరకు వివరము సరిగా వ్రాయనిచో తక్కువ ధర తక్కువ నాణెమునే తెచ్చును. మరియొక విషయమును పుస్తకములు అంతగా చెప్పవు. వర్తకుడు స్థానిక సంస్థకు ఇచ్చునది సరకు మాత్రమే కాదు, అరువు గూడ. బిల్లు ఆరు నెలలకు గాని రాదని తెలిసినవాడు ఆ ఆరు నెలల వడ్డీని బస్తా ధరలోనే కలిపి వ్రాయును. అందరును అట్లే వ్రాయుదురు గనుక ఆడిటరునకు అది తప్పుగా కనబడదు. అరువు నోపలేని చిన్న వర్తకుడు టెండరు వేయుటయే మానును. పోటీ తగ్గును, ధర పెరుగును, నియమములన్నియు పాటించినట్లే యుండును.

స్వాతంత్ర్యానంతరము 1950లో మద్రాసు గ్రామ పంచాయతీల చట్టము, 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము వచ్చినవి. ప్రజలు శ్రమరూపమున, ద్రవ్యరూపమున కొంత భాగము భరించి పనులు చేసికొనవలెనని వికాస పథకపు ఆశయము. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు నెలకొన్నవి. చిన్న పనులను టెండరు లేకుండ ఊరివారికే అప్పగించుట వాడుక యయ్యెను. కొన్ని చోట్ల ఊరివారే చేసిరి. కొన్ని చోట్ల ఊరివారి పేర గుత్తేదారే చేసెను.

2005 నాటి ఉపాధి హామీ చట్టము గుత్తేదారును పూర్తిగా తొలగించెను. అది 2006 ఫిబ్రవరి 2న రాయలసీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమయ్యెను. కూలి అరువది పాళ్లకు తగ్గరాదు, సామగ్రి నలుబది పాళ్లకు మించరాదు. కూలివాని పేరు, పనిదినములు, సొమ్ము గ్రామసభలో చదివి వినిపించు సామాజిక తనిఖీని ఆంధ్రప్రదేశ్ ముందుగా విస్తృతముగా నడిపినది. పెద్ద పనులకు 2003 నుండి కంప్యూటరు ద్వారా టెండర్లు పిలుచుట మొదలయ్యెను. పెట్టెయొద్ద కాపుండి పోటీదారుని బెదరించు దుర్వ్యవహారమునకు అది దెబ్బ తీసెను. అదే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము పౌరునకు కొలతల పుస్తకమును చూచు హక్కునే కాక, పనిని తనిఖీ చేయుటకు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో తీసికొనుటకు గూడ హక్కు నిచ్చెను. ఈ కడపటి హక్కును వాడుకొన్న వారు అరుదు.

పుస్తకముల కొనుగోలు వీనికన్న భిన్నము. ఒకే రకపు సిమెంటు ఏ దుకాణమున కొన్నను ఒకటే. పుస్తకము అట్లు కాదు, చవకైనదని ఒక గ్రంథమునకు బదులు మరియొకటి తెచ్చుట కుదరదు. అందుచేత గ్రంథాలయ సంస్థలు ఎంపిక సంఘముల ద్వారా జాబితాలు తయారుచేసి, ముద్రిత ధరపై కమిషను తగ్గించుకొని కొనుచుండును. ఇందుకు మూలధనము గ్రంథాలయ సెస్సు. 1948 నాటి మద్రాసు చట్టము దానిని రూపాయికి ఆరు పైసల చొప్పున విధించెను. అవి పాత పైసలు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము సెస్సును కొనసాగించెను. పంచాయతీ దీనికి యజమాని కాదు. ఇంటిపన్నుతో వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్చవలసిన మధ్యవర్తి మాత్రమే. ఆ సొమ్ము ఊరి ఖర్చులలో కలిసి నిలిచిపోయినచో పుస్తకవిక్రేత బిల్లు నిలుచును. బిల్లు నిలిచినచో అతడు మరుసటి యేట ఇచ్చు కమిషను తగ్గును.

ఇంటిపన్ను కాగితములో గ్రంథాలయ సెస్సు వేరు పద్దుగా వ్రాయబడును. పంచాయతీ జమాఖర్చులును, ఆడిట్ నివేదికయు గ్రామసభ ముందుంచవలెనని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. ఆ పద్దు క్రింద వసూలైన మొత్తము సంస్థకు ఏ తేదీన జమ యయ్యెనో అచట అడుగుటకు ఓటరుగా నుండుట చాలును, దరఖాస్తు అక్కరలేదు.