పదకొండు సెకన్లు

1939 సెప్టెంబర్ 4, సోమవారం. ఇంగ్లండ్ తూర్పున సఫోక్‌లో వాటిషమ్ ఎయిర్‌ఫీల్డ్. భోజనాల వేళ. బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించి ఒక్క రోజయింది. ఈ ఒక్క రోజులోనే ఇక్కడి బ్లెన్‌హైమ్ బాంబర్ల పొట్టల్లో బాంబులు మళ్ళీ మళ్ళీ మారాయి. ఎక్కించిన సిబ్బందే దించుతున్నారు, దించినవాళ్ళే మళ్ళీ ఎక్కిస్తున్నారు. ఏ లక్ష్యం మీదికి పోవాలో, ఎంత ఎత్తు నుంచి కొట్టాలో పైనుంచి ఇంకా తేలడం లేదు.

ఇప్పుడు తేలింది. జర్మన్ యుద్ధనౌకలు విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు బయట లంగరేసి ఉన్నాయి. వాటిని చూసి వచ్చినవాడు 139వ స్క్వాడ్రన్ పైలట్ ఆండ్రూ మెక్‌ఫర్సన్. నిన్న వెళ్ళినప్పుడు పైన చలికి అతని వైర్‌లెస్ పనిచేయలేదు. ఈ పొద్దు పంపిన సందేశమూ సరిగా అందలేదు. అతను దిగి నోటితో చెప్పేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ సముద్రం మీద మబ్బు కిందికి దిగిపోయింది, ఎత్తు నుంచి బాంబు వేయడం కుదరదు. కాబట్టి కవచాన్ని చీల్చే బాంబులు దించేసి, ఐదువందల పౌండ్ల మామూలు బాంబులు ఎక్కిస్తున్నారు. వాటి ఫ్యూజులు పదకొండు సెకన్లకు పెట్టారు.

ఆ పదకొండు సెకన్ల సంగతి ముందే మనసులో పెట్టుకోండి. సాయంత్రం జరగబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఓడ మీద నుంచి వంద అడుగుల ఎత్తున పోతూ బాంబు వదిలితే, అది తగిలిన క్షణంలోనే పేలితే, వదిలినవాడు కూడా ఆ మంటలోనే పోతాడు. దీపావళి నాడు వత్తి అంటించి పరుగెత్తే పిల్లవాడికి కావలసినంత వ్యవధి పైలట్‌కూ కావాలి. కానీ వెనకాల ఇంకో విమానం వస్తుంది, దాని వెనకాల మూడోది. మొదటి బాంబు పేలేలోపే అందరూ ఓడను దాటిపోవాలి. దాటలేకపోయినవాడు తన మిత్రుడి బాంబు మీదికే పోతాడు.

దాడికి ముందు నడిచేది 110వ స్క్వాడ్రన్. నాయకుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్. ఈ స్క్వాడ్రన్ పూర్తి పేరు చదివితే తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు: 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. 1918లో దీనికి డి.హెచ్.9ఎ బాంబర్లు కొనిచ్చినవాడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఒక్కో విమానం మీదా అది నిజాం కానుక అని రాయించారు. వాటిలో ఒకటి ఆ ఏడాది అక్టోబర్‌లో జర్మన్ల చేత చిక్కింది, బెర్లిన్ ప్రదర్శనశాలలో ఉంది, తర్వాత పోలండ్ చేరింది, చివరికి లండన్ హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. స్క్వాడ్రన్ చిహ్నంలోని పులి కూడా నిజాం రాజముద్ర నుంచి తీసుకున్నదే. కానుక నిజాంది, సొమ్ము మాత్రం తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల పల్లెలు కట్టిన శిస్తుది. శిస్తు కట్టినవాడికి ఆ డబ్బు ఏ ఆకాశంలో ఎగిరిందో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండవలసింది అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సాయంత్రం నాలుగు గంటల ప్రాంతం. ఇంజిన్లు అందుకున్నాయి. బ్లెన్‌హైమ్‌లో ముగ్గురికే చోటు: పైలట్, దారి చూసి బాంబు వదిలే అబ్జర్వర్, వెనక తుపాకీ దగ్గర వైర్‌లెస్ మనిషి. అయినా మీరు ముందు గాజు ముక్కులో అబ్జర్వర్ పక్కన ఒదిగి కూర్చోండి. చక్రాల కింద గడ్డి వెనక్కి పరుగెత్తి ఒక్కసారిగా జారిపోయింది. 110 నుంచి ఐదు విమానాలు. ఇదే వాటిషమ్‌లో, ఇదే మెస్సులో అన్నం తినే 107వ స్క్వాడ్రన్ నుంచి ఇంకో ఐదు. వైటన్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి 139వ స్క్వాడ్రన్‌వి మరో ఐదు. మొత్తం పదిహేను.

తీరం దాటాక చూడడానికి ఏమీ లేదు. జర్మన్ తీరంలోని హెలిగోలాండ్ బైట్ అఖాతం దగ్గర మబ్బు నీళ్ళ దగ్గర మొదలై పదిహేడు వేల అడుగుల దాకా గోడలా నిలబడి ఉంది. పైకెక్కితే లక్ష్యం కనిపించదు. డోరన్ విమానాన్ని కిందికి దించాడు. యాభై అడుగులు. వంద అడుగులు. మళ్ళీ యాభై. అలలు గాజుకు ఆనుకున్నట్టే ఉన్నాయి. వాన అద్దం మీద అడ్డంగా పాకుతోంది. ఒక మబ్బు ముక్కలోకి దూరితే పక్క విమానం మాయమవుతుంది, బయటికి వస్తే రెక్క పక్కనే తేలుతుంది. కొండ గుర్తు లేదు, దీపం లేదు. దిక్సూచి, గడియారం, పటం మీద పెన్సిల్ గీత, ఇవే దారి. గాలి ఎటు తోస్తుందో అబ్జర్వర్ కింది అలల నురగ చూసి అంచనా కడుతున్నాడు. ఒక డిగ్రీ తేడా పడితే ఓడలు దొరకవు. మైలు తేడా పడితే ఊళ్ళ మీదికి పోతారు. పౌరుల మీద బాంబు పడరాదని ఆజ్ఞ ఉంది, ఓడల్నే కొట్టాలి. యుద్ధం రెండో రోజున ఆ నియమానికి ఇంకా ప్రాణం ఉంది.

139 వాళ్ళకు ఓడలు దొరకలేదు, వెనుదిరిగారు. ఈ వాతావరణంలో దొరకకపోవడమే సహజం.

డోరన్‌కు దొరికాయి. మబ్బు ఐదువందల అడుగులకు లేచింది. ఎదురుగా ఒక పెద్ద సరకుల ఓడ. దాని అవతల, ఒడ్డుకు దగ్గరగా లోతు తక్కువ నీళ్ళలో లంగరేసిన బూడిదరంగు ఉక్కు ముద్ద: జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షేర్. నేల వైపు నుంచి ఎవరూ రాకుండా తీగలు వేలాడే బెలూన్లు కాపలా ఉన్నాయి. సముద్రం వైపు తెరిచే ఉంది.

విమానం ముక్కు కొంచెం కిందికి వంగింది. ఓడ పొడుగుకు కాస్త ఏటవాలుగా పోవాలి, బాంబు వదలగానే ఎడమకు గట్టిగా తిరగాలి. ఓడ పెద్దదవుతోంది. వెనక భాగంలో తాడు మీద నావికులు ఉతికి ఆరేసిన బట్టలు ఊగుతున్నాయి. డెక్ మీద మనుషులు తీరిగ్గా నిలబడి మీ వైపే చూస్తున్నారు. తమ విమానాలే అనుకున్నారు కాబోలు. ఇంకా దగ్గరికి రాగానే ఎవరో పరుగు తీశారు, అంతలో అందరూ పరుగే. ఓడ స్తంభమంత ఎత్తున దాని మీదుగా దూసుకుపోతుండగా పొట్ట కింది నుంచి బరువు వదిలిన కుదుపు. బ్లెన్‌హైమ్ తేలికై పైకి ఎగదన్నింది. డోరన్ బాంబులు ఓడ నడిమధ్యనే పడ్డాయి.

పదకొండు లెక్క మొదలైంది.

ఓడ తుపాకులూ ఒడ్డు మీది తుపాకులూ ఒకేసారి తేరుకున్నాయి. డోరన్ విమానాన్ని అటూ ఇటూ విసురుతున్నాడు. తోక దగ్గర నల్లటి పొగ పూలు విచ్చుకుంటున్నాయి. రెండో విమానం వచ్చింది, దాని బాంబులు కొన్ని గజాల ముందే నీళ్ళలో పడ్డాయి. మూడో పైలట్ మనసులో గడియారం చూసుకున్నాడు: వ్యవధిలోపు దాటలేను. ప్రాణం మీది తీపి అనండి, క్రమశిక్షణ అనండి, పక్కకు తిప్పి ఇంకో లక్ష్యం మీద వేశాడు. సెకనుకు వంద మీటర్లకు పైగా పోయే యంత్రంలో కూర్చుని ఆ లెక్క కట్టడం మాటలు కాదు. నన్నడిగితే ఆ రోజు ధైర్యమంతటిలోనూ ఈ తప్పుకోవడం కూడా ఒక భాగమే.

పదకొండు దాటింది. షేర్‌కు తగిలిన బాంబుల్లో ఒక్కటీ పేలలేదు. కవచానికి కొట్టుకుని ఎగిరిపడ్డాయి. గాలినీ మబ్బునీ జయించి, చుక్క గుర్తు లేని సముద్రంలో సరిగ్గా ఆ ఓడ దగ్గరికి వచ్చి, దాని నడుమునే కొట్టిన మనుషులది ఏ తప్పూ లేదు. అంత దిగువ నుంచి వదిలితే ఉక్కు కవచం ముందు ఆ మామూలు బాంబు ఒట్టి ఇనుప దిమ్మే అయింది.

ఈ లోపు 107 వచ్చింది. వాళ్ళకు బట్టలు ఆరేసుకున్న ఓడ దొరకలేదు. ప్రతి తుపాకీ దగ్గరా మనిషి నిలబడి, గురి పెట్టి ఉన్న రేవు దొరికింది. ఐదింటిలో నాలుగు కూలిపోయాయి. 110 కూడా ఒక విమానాన్ని పోగొట్టుకుంది. ఒక బ్లెన్‌హైమ్ తిన్నగా ఎమ్డెన్ అనే క్రూజర్ మీదే పడి, ఓడ మీది కొందరు నావికుల్ని తనతో తీసుకుపోయింది. 107కు చెందిన జార్జ్ బూత్, లారీ స్లాటరీ నీళ్ళలోంచి బతికి బయటపడ్డారు. పశ్చిమ రంగంలో జర్మన్లకు దొరికిన తొలి బ్రిటిష్ యుద్ధఖైదీలు వాళ్ళే.

ముందు పోయినవాడికి పేరు వస్తుంది, ఆ పేరు డోరన్‌కు తగినదే. అక్టోబర్‌లో అతనికీ మెక్‌ఫర్సన్‌కూ వైమానిక శౌర్యానికి ఇచ్చే డి.ఎఫ్.సి. పతకాలు ప్రకటించారు, ఆ యుద్ధంలో అవి మొట్టమొదటివి. కానీ మొదటి దెబ్బ శత్రువు ఏమరుపాటును వాడేసుకుంటుంది, దాని వెల వెనక వచ్చేవాడు చెల్లిస్తాడు. ఈ కథ చెప్పేటప్పుడు ఆ 107 పైలట్ల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు ఎప్పుడూ సబబుగా తోచదు. వాళ్ళు మేలుకున్న తుపాకుల్ని కళ్ళారా చూశారు, చూసీ లోపలికి పోయారు.

మెక్‌ఫర్సన్ 1940 మే 12న మాస్ట్రిక్ట్ ప్రాంతంలో జరిగిన దాడిలో చనిపోయాడు. డోరన్ అంతకు పన్నెండు రోజుల ముందు, ఏప్రిల్ 30న, నార్వేలో స్తవాంగర్ దాడికి పోయి కూలి బందీ అయ్యాడు. మరమ్మతులు చేయించుకున్న అడ్మిరల్ షేర్ ఆ ఏడాది అక్టోబర్‌లో బయటికి వెళ్ళి, నవంబర్‌లో అట్లాంటిక్‌లో జెర్విస్ బే అనే కాపలా ఓడను ముంచింది. మరుసటి ఏడాది ఆరంభంలో హిందూ మహాసముద్రంలోనూ తిరిగి సరకుల ఓడల్ని వేటాడింది. దాన్ని కీల్ రేవులో బోల్తా కొట్టించింది 1945 ఏప్రిల్‌లో వచ్చిన లాంకస్టర్ బాంబర్లు. అప్పటికి బ్రిటిష్ వాళ్ళ దగ్గర ఉన్న బాంబులు వేరు.