నిప్పుగూడు, నాభి, జూబ్లీహిల్స్ బండ

ఫైర్‌ప్లేసుకు తెలుగు మాట ఏది? కుంపటి ఒకచోట ఉండదు, బాలింత గదికో కాఫీకో మోసుకుపోతాం. పొయ్యి వంటకు. నెగడు ఆరుబయటిది. మంచి మాట దొరికేదాకా 'నిప్పుగూడు' అనుకుందాం. మనకు అంత చలి లేదు గనుకనే ఆ మాటా పుట్టలేదేమో!

ఈమధ్య జూబ్లీహిల్స్‌లో ఒక మిత్రుని కొత్త ఇంటి హాలులో నిప్పుగూడు చూశాను. పొగగొట్టం లేదు. గాజుపలక వెనుక విద్యుద్దీపాలే మంటలు. పైన ఏసీ నడుస్తుండగా సోఫాలన్నీ ఆ మంటలవైపే తిరిగి ఉన్నాయి. "ఇది హాలుకు ఫోకల్ పాయింట్" అన్నాడాయన.

ఆ మాటకు పెద్ద చరిత్రే ఉంది. లాటిన్‌లో 'ఫోకస్' అంటే ఇంటిపొయ్యి. 1604లో కెప్లర్ తన దృశాశాస్త్ర గ్రంథంలో ఆ మాటను ఒక జ్యామితీయ బిందువుకు పేరుగా వాడాడు. మన పాఠ్యపుస్తకాలు దానిని 'నాభి' అన్నాయి. ఆ అనువాదంలో నిప్పు ఆరిపోయింది. నాకది సబబుగానే తోస్తుంది. చలిదేశాలవారు మంటచుట్టూ ఇల్లు కట్టుకున్నారు. మన వాస్తు వంటపొయ్యిని ఆగ్నేయమూలకు పంపింది. మండువా లోగిలి నడుమ ఉన్నది ఆకాశమే: వెలుతురు, గాలి, వాన.

మరి హాలులో చూపు నిలిపే వస్తువొకటి ఉండాలన్న కోరిక ఎక్కడిది? కొంత సినిమా సెట్టు నుంచి వచ్చిందని నా ఊహ. సెట్టుకు సాధారణంగా మూడే గోడలు, నాలుగోవైపు కెమెరా. ఎదుటిగోడ మీద చూపును పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి. మన బంగళా సెట్లలో ఆ పని ఎక్కువగా రెండువైపుల నుంచి దిగే మెట్లు చేశాయి.

విచిత్రమేమంటే, 1976లో అన్నపూర్ణ, 1989లో రామానాయుడు స్టూడియోలు వెలసిన ఈ కొండనేల పునాదే చల్లారిన నిప్పు. భూగర్భంలో కరిగిన శిల మెల్లగా గట్టిపడితే గ్రానైటు అవుతుంది. ఇక్కడి బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. 1930లలో పక్కనే బంజారాహిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ ఆ బండలను తొలగించకుండా, వాటిని కలుపుకొనే ఇల్లు కట్టుకున్నారు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన ఆతిథ్యం స్వీకరించారు. జూబ్లీహిల్స్‌లోనూ కొందరు బండను ఇంటిలోనే ఉండనిచ్చారు. తక్కినచోట్ల ప్లాట్ల చదును కోసం బండలను పేల్చివేస్తుంటే, వాటిని కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది.

దొంగమంట చెడిపోతే మరొకటి కొనుక్కోవచ్చు. పేల్చిన బండ తిరిగిరాదు. హాలుకు నాభి కావాలనుకునేవారు పునాది తవ్వే ముందు తమ ప్లాటులో ఏముందో ఒకసారి చూసుకోవాలని నా మనవి.

'నిప్పుగూడు' కన్నా మంచి మాట మీకు తడితే చెప్పండి.