ఐదో గేటు

బాహుదా, పింఛా కలిస్తే చెయ్యేరు. రాజంపేట, నందలూరు ఊళ్లను ఒరుసుకుంటూ వెళ్లి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు అందులో కనిపించేది ఇసుకే. పశువులు ఆ ఇసుకలోంచే అవతలి గట్టుకు దాటతాయి. ఎండాకాలంలో పిల్లలకు అదే ఆటస్థలం. ఏటికి నీళ్లొచ్చాయని తెలిస్తే ఊరంతా గట్టు మీదికి చేరి చూసి, కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకుని వచ్చేది. అక్కడివాళ్లకు బావి ఎండితే భయం, బోరు పడకపోతే భయం, మబ్బు మొహం చాటేస్తే భయం. నీళ్లొస్తే భయపడాలని ఆ నేల మీద పుట్టిన ఏ తరమూ తన పిల్లలకు నేర్పలేదు. ఆ ఏటి దిగువనున్న పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట ఊళ్ల కథ చెప్పాలంటే ముందు ఈ మాట చెప్పుకోవాలి. లేకపోతే 2021 నవంబరు 19 తెల్లవారి వరద ముంచుకొచ్చేసరికి ఆ జనం ఇళ్లలోనే ఎందుకున్నారో అర్థం కాదు.

ఆ ఊళ్లకు పైన, కడప జిల్లా రాజంపేట మండలం బాదనగడ్డ దగ్గర, చెయ్యేటికి అడ్డంగా అన్నమయ్య ప్రాజెక్టు ఉండేది. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక పక్కనే కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. పెద్ద ప్రాజెక్టేమీ కాదు, నిల్వ రెండు టీఎంసీల పైచిలుకు. మధ్యలో ఐదు గేట్లున్న కాంక్రీటు స్పిల్‌వే, దాన్ని ఆనుకుని మట్టికట్ట. నాగార్జునసాగర్‌నో శ్రీశైలాన్నో చూసిన కళ్లకు అది ఆనదు. కరవు సీమకు మాత్రం ఆ రెండు టీఎంసీలే బంగారం. ఆ నీళ్ల వల్లే దిగువన వరి నాటారు, అరటి పెట్టారు, బోర్లలో నీటిమట్టం పైకొచ్చింది. ఆ ఊళ్ల ఇళ్లలో చాలావాటికి ఆ కట్ట కిందే బతుకు. తమను కాచే కట్ట అనే నమ్మకంతోనే దాని నీడన నిద్రపోయేవాళ్లు.

2020 నవంబరు చివర్లో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి రాయలసీమను ముంచెత్తింది. ఆ వరదలో అన్నమయ్య ప్రాజెక్టు ఐదో గేటు చెడిపోయింది. కట్ట నిలబడింది, జనం ఊపిరి పీల్చుకున్నారు. నా మటుకు ఈ విషాదం మొదలైంది ఆ ఊపిరి పీల్చుకున్న క్షణంలోనే. గేటు చెడితే బాగుచెయ్యాలి. అందుకు ఒక ఎండాకాలం మొత్తం చేతిలో ఉంది. ఏరు ఎండి ఇసుక తేలిన నెలలున్నాయి. ఆ నెలలన్నీ గడిచిపోయాయి. మళ్లీ వానాకాలం వచ్చింది, అక్టోబరు వచ్చింది, ఈశాన్య రుతుపవనాలు వచ్చాయి. ఐదో గేటు మాత్రం ఉన్నచోటే, ఉన్నట్టే ఉండిపోయింది.

2021 నవంబరులో బంగాళాఖాతం మీద ఒకదాని వెనుక ఒకటి అల్పపీడనాలు పుట్టాయి. నెల సగమయ్యేసరికే చెరువులు నిండాయి, నేల తాగగలిగినంత తాగేసింది. 18న తిరుమల కొండ మీద కురిసిన వాన మెట్ల దారిలో జలపాతమై దూకింది, తిరుపతి వీధులు ఏరులయ్యాయి. 19 తెల్లవారుజామున వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. ఎగువ కొండల మీద పడిన వాన వంకల్లోకి, వంకల నుంచి బాహుదాలోకి, పింఛాలోకి దిగింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోస్తుందని వాతావరణ శాస్త్రం చెబుతుంది. సముద్రం వేడెక్కిన కొద్దీ ఆ మోత ఇంకా బరువెక్కుతుంది. పాత వానల లెక్కలు చూసుకుని కట్టిన స్పిల్‌వేకు ఈ కొత్త మోత సంగతి ఎవరు చెప్పాలి?

ఆ రాత్రి ఎగువన పింఛా ప్రాజెక్టు రింగ్ బండ్ తెగింది. ఆ నీళ్లన్నీ చెయ్యేట్లో పడ్డాయి. అన్నమయ్య దగ్గర ఉన్న ఐదు గేట్లలో నాలుగే పైకి లేచాయి. స్పిల్‌వే పంపగలిగిన నీటికి ఒకటిన్నర రెట్లు వచ్చి పడిందని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ ఆ తర్వాత రాజ్యసభలో చెప్పారు. ఐదో గేటు తెరుచుకోలేదనీ చెప్పారు. ఆ గేటు లేచి ఉంటే కట్ట నిలిచేదా అన్నది ఇంజనీర్ల వాదన. అంత వరదకు ఐదు గేట్లూ చాలవనే అనుకుందాం. అయినా ఒక్క గేటు వల్ల ఒక గంట మిగిలి ఉంటే, ఆ గంటలో ఎంతమంది మిట్టకు చేరేవాళ్లో! వరద లెక్క క్యూసెక్కుల్లో వేస్తారు. మనుషుల్ని కాపాడే లెక్క నిమిషాల్లో ఉంటుంది. ఆ రాత్రి రెండో లెక్క వేసినవాళ్లు లేరు.

మట్టికట్ట మీద నుంచి నీళ్లు పొర్లడం మొదలైతే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. కాంక్రీటు మీద నుంచి నీళ్లు పారి వెళ్తాయి. మట్టినైతే కోసుకుంటూ వెళ్తాయి. తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో కట్ట తెగింది.

ఆ రోజు కార్తీక పౌర్ణమి. ఏడాదిలో ఏరూ గుడీ మనిషికి అతి దగ్గరగా వచ్చే రోజు. చలిలో లేచి తలంటు పోసుకుని, అరటి దొప్పలో వత్తి వెలిగించి నీళ్లలో వదిలే రోజు. ఏటి గట్టు మీది శివాలయం దగ్గర అప్పటికే జనం ఉన్నారు. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు ఇళ్లలో కొందరు ఇంకా నిద్రలోనే ఉన్నారు, కొందరు పొయ్యి వెలిగిస్తున్నారు. నీళ్లు ఏరులా కాకుండా గోడలా వచ్చాయి. నిలబడ్డ మిద్దె నిలబడ్డట్టే కూలింది. కొట్టంలో పశువులు పలుపుతాడుతో కట్టేసి ఉన్నాయి. విప్పే చెయ్యి లేక అవన్నీ గుంజల దగ్గరే పోయాయి. కొంతమంది చెట్లెక్కారు, కొంతమంది మేడల మీదికి పరుగెత్తారు. ఒకే ఇంట్లో పలువురు పోయిన కుటుంబాలున్నాయి. తలకొరివి పెట్టినవాడు తప్ప పెద్దకర్మకు బంధువులే మిగలని ఇళ్లున్నాయి.

నందలూరు దగ్గర రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి. ప్రయాణికులు టాపు మీదికెక్కి చేతులూపుతున్న దృశ్యాలు రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. వాళ్లలో అందరూ ఒడ్డు చేరలేదు. నందలూరు, రాజంపేట మధ్య పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి ముంబై-చెన్నై మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిసి దాదాపు నలభై మంది. ఆచూకీ దొరకని మనిషి ఉన్న ఇంట్లో దుఃఖానికి ఒక తేదీ కూడా దొరకదు. తద్దినం ఎప్పుడు పెట్టాలి?

అంత నీటిలోనూ బతికినవాళ్లు ఎలా బతికారో అడిగితే చాలామంది చెప్పిన మాట ఒకటే. ఎవరో ఫోన్ చేశారు. కట్ట దగ్గర పనిచేసే చిరుద్యోగులు తమకు తెలిసిన ఊళ్లవాళ్లకు రాత్రి ఫోన్ చేసి లేవండి, పోండి అన్నారు. ఆ మాట విన్నవాళ్లు పక్కింటి తలుపు కొట్టారు. పక్కింటివాళ్లు ఆ పక్కింటిది కొట్టారు. అలా మాట నడిచినంత దూరం ప్రాణాలు మిగిలాయి. ఆగిన చోట ఆగిపోయాయి. వాళ్ల చేతిలో ఉన్నదల్లా ఒక ఫోను, నాలుగు నంబర్లు, పది మందిని కాపాడాలన్న ఆరాటం. ఆ ఆరాటానికి కుదురైన ఏర్పాటు ఒకటి తోడై ఉంటే ఏమయ్యేదో అని తలుచుకున్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఎందుకంటే ఏర్పాటు చెయ్యలేనంత దిక్కులేని కాలం కాదది. ఊరూరా సచివాలయం ఉంది. సుమారు ప్రతి యాభై ఇళ్లకు ఒక వాలంటీరు ఉన్న రోజులవి. నెల ఒకటో తేదీన తెల్లవారక ముందే మంచం మీది ముసలమ్మకు పింఛను అందించేవాళ్లు. ఏ ఇంట్లో నడవలేని మనిషి ఉన్నాడో, ఏ ఇంట్లో నిండు చూలాలు ఉందో వాళ్లకు తెలుసు. తలుపు తట్టే మనిషి ఉన్నాడు, తట్టాల్సిన తలుపుల జాబితా ఉంది. ఎగువన నీటిమట్టం ఎంతకు చేరితే తలుపు తట్టాలో చెప్పే మాట మాత్రం లేదు. పింఛా దగ్గర కొలబద్ద చూసే మనిషికీ పులపత్తూరు నడివీధికీ మధ్య తెగని దారం ఒకటి వెయ్యలేకపోయాం. గుడి మైకు ఉంది, మసీదు మైకు ఉంది, పాత కాలపు దండోరా కూడా అందరూ మరిచిపోయినదేం కాదు. కరెంటు పోయినా మోగే సైరన్ ఒకటి, నీళ్లొస్తే ఏ మిట్టకు పోవాలో పిల్లవాడికి కూడా తెలిసే ఒక దారి, ఏడాదికొకసారి ఊరంతా కలిసి ఆ దారి నడిచి చూసుకునే ఒక పూట. ఆ ఊళ్లకు కావలసింది ఇంతే. ఒక గేటు మరమ్మతు ఖర్చు ముందు ఇది ఖర్చే కాదు.

నవంబరు 19 అన్న తేదీ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1977లో సరిగ్గా అదే తేదీన దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలకు పైగా జనం పోయారు. పులిగడ్డ దగ్గర స్మారకం ఉంది. ఆ చావుల తర్వాతే మన కోస్తాలో తుపాను షెల్టర్లు లేచాయి. ప్రమాద సూచిక నంబరు ఎగరేస్తే దాని అర్థమేమిటో బెస్తవాడి బిడ్డకు తెలిసింది. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న ఒడిశా 2013లో ఫైలిన్ తుపాను వచ్చేనాటికి లక్షల జనాన్ని ముందే తరలించి, చావుల్ని పదుల్లోకి తగ్గించింది. అదే ఒడిశాలో వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి అనే రెండు పల్లెలను 2020లో యునెస్కో సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా గుర్తించింది. అక్కడి నోలియా జాలరుల్లో చాలామంది మన తెలుగు మాట్లాడేవాళ్లే. సైరన్ మోగితే ఎటు పోవాలో, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో వాళ్లు సాధన చేసి నేర్చుకున్నారు. సముద్రపు ఒడ్డున ఉన్న పేదవాడికి అందిన ఈ చదువు ఎండిన ఏటి ఒడ్డున ఉన్న పేదవాడికి అందలేదు. కరవు ప్రాంతానికి వరద పాఠం ఎందుకని అనుకున్నాం. ఇప్పుడు మారిన వానలు అటువంటి ప్రాంతాలను గట్టిగా దెబ్బతీస్తున్నాయి. ఎందుకంటే అక్కడ వంకలు పూడిపోయి ఉంటాయి, ఏరు పారే దారిలో ఇళ్లు లేచి ఉంటాయి, వరద చూసిన ముసలివాళ్లు కూడా ఉండరు.

కట్ట తెగిన రెండు వారాలకు, డిసెంబరు 2న, రాజ్యసభ ఆనకట్టల భద్రత బిల్లును ఆమోదించింది. దాని మీద చర్చలోనే చెయ్యేటి పేరు వినపడింది. ఆ చట్టం అదే నెల 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పరిధిలోని ప్రతి ఆనకట్టకూ ఐదేళ్లలోపు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలని అందులో ఉంది. కట్ట తెగితే నీళ్లు ఏ ఊరికి ఎంతసేపట్లో చేరతాయి, ఎవరు ఎవరికి చెప్పాలి, జనం ఎటు పోవాలి, ఇవన్నీ ముందే రాసి ఉంచాలన్నమాట. గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. ప్రణాళిక కలెక్టరేటు బీరువాలో ఉంటే మందపల్లెకు ఏం లాభం? అది ఊరి సచివాలయం గోడ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. రాసేటప్పుడే ఆ ఊరి గొర్రెల కాపరిని, ఏటి ఇసుకలో కర్బూజా వేసే రైతును అడగాలి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు తిరుగుతాయో చెప్పగలిగింది వాళ్లే.

వరద పోయాక ఊళ్లకు మిగిలింది ఇసుక. వరి కోయాల్సిన మళ్ల మీద, అరటి తోటల మీద నడుము లోతు మేటలు వేసింది. ఒకప్పుడు సేద్యం చేసిన నేల ఏదో, ఏరు ఏదో గుర్తుపట్టలేని చోట్లున్నాయి. మరో చోట ఇంటి స్థలాలిచ్చారు, పునాదులు తీశారు. ఆ ఇళ్ల పని నత్తనడకన సాగింది. ప్రాజెక్టు స్పిల్‌వే మాత్రం అలాగే నిలబడి ఉంది. కట్ట పోయిన పక్క నుంచి ఏరు తన దారి తాను చూసుకుంది. కట్ట లేదు కాబట్టి నిల్వ లేదు, నిల్వ లేదు కాబట్టి ఆయకట్టు లేదు. వరదలో మునిగిన ఊళ్లే ఎండాకాలం వస్తే మళ్లీ నీళ్ల కోసం చూస్తున్నాయి. తమవాళ్లను మింగిన కట్టనే మళ్లీ కట్టమని ఆ జనం అడుగుతున్నారు. అడగక తప్పదు, ఆ నేల మీద నీళ్లు లేకుండా బతుకు లేదు. అయితే ఈసారి అడగాల్సిన మాటలు ఇంకా ఉన్నాయి. కొత్త కట్టకు గేట్లు ఎన్ని, వాటిని ఏటేటా ఎండాకాలంలో ఎత్తి దించి చూసేది ఎవరు, చూసినట్టు ఊరికి చూపించేది ఎప్పుడు, పింఛా పొంగిన రాత్రి మొదటి ఫోను ఏ నంబరుకు వస్తుంది?

ఆ నంబరు ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిశాకే కట్ట వెనుక నీళ్లు నింపాలి.